ఖాళీ చేసిన గది ఎందుకు మోగుతుంది?

చుట్టాల గదిని సర్దుదామని సామానంతా హాల్లోకి చేరవేశాక, గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. ఆ చప్పుడు వెంటనే ఆగదు, గోడల మధ్య కాసేపు గింగిరాలు తిరుగుతుంది. ఇరుకు పోయింది గానీ హాయి రాలేదన్నమాట. ఇరుకు కంటికి తెలిసేది. హాయిలో సగం చెవికీ ఒంటికీ తెలిసేది. అందుకే గదిలోంచి గట్టి సామాను తీసెయ్యాలి, మెత్తటివి ఉంచాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పాత బీరువా కదలదు, పరుపులూ కర్టెన్లూ మాత్రం పోతాయి.

మన అపార్ట్‌మెంట్లలో చిన్న బెడ్‌రూము 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉంటుంది. ఎత్తు కూడా దాదాపు అంతే. సిమెంటు గోడ, టైల్స్, స్లాబు తమ మీద పడ్డ ధ్వనిలో నూటికి రెండు మూడు వంతులే పీల్చుకుంటాయి, మిగతాది వెనక్కి కొడతాయి. హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మాట అర్థం కావడం లేదని 1895లో వాలెస్ సెబైన్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడికి ఆ పని అప్పజెప్పారు. అక్కడ చప్పుడు దాదాపు 5.5 సెకన్లు మోగేది. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలకు మోత ఎంత తగ్గుతోందో కొలిచాడు. ఆ కొలతల నుంచి ఆయన రాబట్టిన సూత్రంలో మన గది కొలతలు వేస్తే, ఖాళీగా ఉన్నప్పుడు మోత 2.5 సెకన్లు దాటుతుంది. ఒక పరుపు, నేల దాకా కుచ్చులతో దిగే కర్టెన్లు, మందపాటి తివాచీ చేరిస్తే ఇంచుమించు 0.8 సెకనుకు దిగుతుంది.

మూడింటిలో ఎక్కువగా తప్పు జరిగేది కర్టెన్ల దగ్గర. గుడ్డ బిగుతుగా ఉంటే ధ్వనిని పెద్దగా పీల్చదు, మడతలు కావాలి. రాడ్ పొడవుకు రెట్టింపు వెడల్పు గుడ్డ తీసుకోండి. ఇక ఎత్తు. మన కిటికీల పై అంచు సాధారణంగా 7 అడుగుల దగ్గర ఉంటుంది. దానిపైన అరడుగు వదిలి రాడ్ బిగిస్తే, బజార్లో దొరికే 7 అడుగుల కర్టెన్ నేలకు అరడుగు పైనే ఆగిపోయి, పొట్టి లంగాలా కనిపిస్తుంది. 9 అడుగులది తెచ్చి, నేలకు అరంగుళం పైన ఆగేలా కింద వెడల్పుగా మడిచి కుట్టించండి. ఆ మడత బరువుకు గుడ్డ నిటారుగా దిగుతుంది. తివాచీ బదులు వరంగల్ జంపఖానా వేసినా బాగుంటుంది. అది పలచన కాబట్టి ధ్వనిని తక్కువ పీలుస్తుంది, ఉతుక్కోవడం మాత్రం తేలిక. కింద జారని రబ్బరు మ్యాట్ వెయ్యకపోతే, రాత్రి బాత్రూముకు లేచిన పెద్దవాళ్లు టైల్స్ మీద జారతారు.

ఇప్పుడు కన్ను. మన చూపులో నిజంగా స్పష్టమైన భాగం, చాచిన చేతి బొటనవేలి వెడల్పంతే. మిగతాదంతా మసక. ఆ మసకలో దగ్గర దగ్గరగా ఉన్న వస్తువుల్ని మెదడు విడదీయలేక ముద్ద చేస్తుంది. గందరగోళం అనిపించేది ఆ ముద్దే. అందువల్ల వస్తువుల సంఖ్య కంటే అంచులూ రంగుల తేడాలూ ఎక్కువ లెక్కకు వస్తాయి. అటక మీద కనిపించే సూట్‌కేసులు, అట్టపెట్టెలే ఇందులో మొదటి దోషులు. అటకకు గోడ రంగులోనే తలుపులు పెట్టిస్తే ఇరవై అంచుల బదులు ఒక గోడ కనిపిస్తుంది.

గోడలు ముదురుగా, సీలింగ్ తెల్లగా ఉంటే గది ఎత్తుగా కనిపిస్తుందని అంటారు. జర్మనీలో మైంట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది నిలబడలేదు. సీలింగ్ లేత రంగైనా, గోడలు లేత రంగైనా ఎత్తు పెరిగినట్టే అనిపించింది, రెంటి మధ్య తేడాకు ప్రత్యేక ఫలమేమీ లేదు. కాబట్టి అన్నిటికీ ఒకే లేత రంగు వేయించండి. రెండు కోటింగులకు దాదాపు 8 లీటర్లు, అంటే నాలుగు లీటర్ల డబ్బాలు రెండు పడతాయి. వెలుగులోనూ లాభమే. గదిలోని ఉపరితలాలు సగటున 50 శాతం కాంతిని తిప్పికొడితే, పదే పదే తిరిగి వచ్చే కాంతితో కలిపి వెలుగు రెండింతలు అవుతుంది, 70 శాతమైతే మూడింతలు దాటుతుంది. చెమ్మ గోడకు మాత్రం రంగు వెయ్యొద్దు, నెల తిరక్కుండా పొక్కులు లేస్తాయి. ముందు లీకు ఆపి, గోడ ఆరనివ్వాలి.

అయితే రాత్రిపూట ఆ వెలుగు 6500 కెల్విన్ల తెల్ల ట్యూబ్‌లైటుది కాకూడదు. కెల్విన్ అంటే కాంతి రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలి ఛాయ పెరుగుతుంది. కంటి వెనక పొరలో కొన్ని కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి స్పందించి, ఇంకా పగలే అని మెదడుకు చెబుతాయి. షాపులో ‘వార్మ్ వైట్’ అని అడగండి, 2700 నుంచి 3000 కెల్విన్లది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు చాలు, ఒకటి మంచం పక్కన, పడుకునే స్విచ్ నొక్కగలిగేలా. ఫోను ఛార్జరుకు సాకెట్ కూడా అక్కడే.

మంచం విషయంలో కక్కుర్తి పనికిరాదు. 5 × 6.5 అడుగులది గదిలో మూడో వంతు తినేస్తుంది. 4 అడుగుల వెడల్పుది కాళ్లున్నది తీసుకుని, ఒక వైపు కనీసం 2 అడుగుల దారి వదలండి. కింద నేల కనిపిస్తే గది విశాలంగా అనిపిస్తుంది, గాలీ ఆడుతుంది. బాక్స్ కాట్‌లో సామాను పడుతుంది, కానీ బయటి గోడకు ఆనించి పెడితే వానాకాలంలో లోపల ముక్క వాసన. గోడకు ఆనిన చోట గాలి కదలదు, అక్కడ తేమ 80 శాతం దాటితే బూజు పడుతుంది. బీరువాకూ ఇదే వర్తిస్తుంది, గోడకు 3 అంగుళాలు ఎడంగా జరపండి. అందులో ఒక అర, తలుపు వెనక నాలుగు కొక్కేలు చుట్టాలకే ఖాళీగా వదలండి. అవి లేకపోతే వాళ్ల బ్యాగులే కొత్త గందరగోళం.

ఆ బీరువాలో దుప్పట్ల మధ్య కలరా ఉండలు ఉంటే తీసేయండి. వాటిలో చాలావరకు ఉండేది నాఫ్తలీన్. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు తగిలినా ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో తెలియను కూడా తెలియదు. చంటిబిడ్డతో వస్తున్నారని తెలిస్తే, దుప్పట్లను ముందే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేయండి.