క్రిస్మస్ హ్యాంపర్లు కట్టేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

హ్యాంపర్ అంటే అవసరంలో ఉన్న ఇళ్ళకి పండగకి ఇచ్చే సరుకుల పెట్టె. దాని పని సరుకుల కొట్లో మొదలుపెడితే సగం పెట్టె ఆ ఇంటికి పనికిరాకుండా పోతుంది. మొదలుపెట్టాల్సింది ఆ ఇంటి పొయ్యి దగ్గర, ఆ ఇంట్లో తలల లెక్క దగ్గర.

అపోహ: అవసరంలో ఉన్నవాళ్ళకి ఏది ఇచ్చినా పనికొస్తుంది, అందరికీ ఒకే పెట్టె చాలు.

వాస్తవం: పేర్లు రాసుకునేటప్పుడే ఐదు సంగతులు కనుక్కోవాలి. ఎంతమంది ఉన్నారు, పిల్లల వయసులు ఎంత, పడని తిండి గానీ తినకూడని తిండి గానీ ఏమైనా ఉందా (అలర్జీ, షుగరు, బీపీ, మత నియమం), వంటకి ఏముంది, పెట్టె ఎక్కడికి ఎప్పుడు తేవాలి. సంపాదనెంత, అప్పులెన్ని అన్న ఆరా వద్దు. సరుకుల లెక్కకి వాటితో పని లేదు.

వంట సంగతే ఎక్కువమంది అడగడం మరిచిపోతారు. ఓవెన్ లేని ఇంటికి కేక్ మిక్స్ వెళ్తుంది, ఫ్రిజ్ లేని ఇంటికి వెన్న వెళ్తుంది. ఒక్క కెటిల్‌తో గదిలో నెట్టుకొచ్చేవాళ్ళకి గంటసేపు ఉడకాల్సిన గింజలు వెళ్తాయి. ఓవెన్ ఉన్నా మిక్స్ ప్యాకెట్‌ని వెనక్కి తిప్పి చదవండి. గుడ్లు, వెన్న, పాలు కలపాలని రాసుంటే, అవి కొనుక్కునే ఖర్చు వాళ్ళ నెత్తిన పెట్టినట్టే. డబ్బా ఆహారమైతే చేత్తో లాగితే వచ్చే మూత ఉన్నవి తీసుకోండి, లేదంటే ఓపెనర్ కూడా పెట్టండి. కొన్ని క్రిస్మస్ కేకుల్లో రమ్ము, బ్రాందీ ఉంటాయి. జెల్లీ మిఠాయిల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉండొచ్చు. లేబుల్ చూడకుండా వేయకండి.

ఇంటింటికీ వేరే పెట్టె కట్టడం కుదరని పని. మూల సరుకు అందరికీ ఒకటే ఉంచి, తేడాలన్నీ పైన పెట్టే చిన్న సంచీలో చూసుకుంటే సరిపోతుంది. పక్కపక్క ఇళ్ళవాళ్ళు పెట్టెలు పోల్చుకున్నా చిన్నబోరు.

అపోహ: పండగ కదా, బిస్కెట్లూ చాక్లెట్లతో పెట్టె నిండుగా కనిపించాలి.

వాస్తవం: కనిపించడం వేరు, కడుపు నిండడం వేరు. వాళ్ళు రోజూ తినేదేమిటో అడిగి లెక్క కట్టండి. అన్నం తినే ఇల్లయితే పూటకి మనిషికి 90 గ్రాముల బియ్యం అనుకోండి. నలుగురికి 360 గ్రాములు. అంటే 5 కిలోలు దాదాపు 14 పూటలకి వస్తాయి, రోజుకి రెండు పూటల చొప్పున వారం. పప్పు మనిషికి 30 గ్రాముల లెక్కన కిలో 8 పూటలకి వస్తుంది. అర కిలో పాలపొడి, లీటరుకి 125 గ్రాముల చొప్పున కలిపితే, 4 లీటర్ల పాలవుతుంది. దీనికి లీటరు నూనె, కిలో చక్కెర, ఉప్పు, టీ పొడి కలపండి. మాంసం, గుడ్లు, పండ్లు పెట్టెలో పాడవుతాయి కాబట్టి వాటికి కొట్టు వోచర్ నయం. బడిలో భోజనం దొరికే పిల్లలకి సెలవుల్లో ఆ పూట కూడా ఇంట్లోనే గడవాలి. ఆ భోజనాలు లెక్కలోంచి జారిపోతుంటాయి.

తీపి అసలే వద్దని కాదు. పండగన్నాక ఒక కేకో, మంచి చాక్లెట్లో ఉండాల్సిందే. అవి సరుకుల మీద అదనం కావాలి గానీ, సరుకులు తీసేసి పెట్టకూడదు.

అపోహ: సబ్బు, షాంపూ, తిండి అన్నీ కలిపి ఒకే పెట్టెలో సర్దొచ్చు.

వాస్తవం: పిండి, టీ పొడి, బిస్కెట్లు సబ్బు వాసనని ఇట్టే పట్టేస్తాయి. మూత వేసిన పెట్టె రెండు రోజులు వెచ్చటి గదిలో ఉంటే ఆ బిస్కెట్ ఇక నోట్లో పెట్టుకోలేం. సబ్బులు, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు వేరే సంచీలో కట్టండి. డైపర్ సైజు బిడ్డ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి.

అపోహ: పసిపిల్లలున్న ఇంటికి పాలడబ్బా, తేనె పెడితే మంచిది.

వాస్తవం: ఏడాది నిండని బిడ్డకి తేనె పెట్టకూడదు, శిశువుల్లో బొట్యులిజం (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే తీవ్రమైన జబ్బు) వచ్చే ప్రమాదం ఉంది. తల్లిపాలకి బదులుగా వాడే ఉత్పత్తుల మార్కెటింగ్ మీద 1981లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి ఉచిత పంపకాలని కట్టడి చేస్తుంది. అందుకే పాలడబ్బాని అందరికీ వేయకండి. డబ్బాపాల మీదే ఉన్న బిడ్డ అని తల్లి చెబితే, ఆవిడ వాడే రకమే కొనివ్వండి. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి బాదం, జీడిపప్పు లాంటి గింజలు వద్దు, గొంతులో అడ్డం పడతాయి. బొమ్మలో గుండీ బ్యాటరీ ఉంటే దాని మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. లేకపోతే పక్కన పెట్టేయండి.

అపోహ: బొమ్మలు రంగు కాగితంలో చుట్టి ఇస్తేనే అందం.

వాస్తవం: చుట్టకుండా ఇచ్చి, కాగితం, టేపు విడిగా పెట్టండి. లోపల ఏముందో తల్లిదండ్రులకి తెలియాలి, ఏది ఎవరికో వాళ్ళే తేల్చుకోవాలి, పిల్లలకి వాళ్ళ చేతుల మీదుగానే అందాలి. అలాగే పన్నెండు దాటిన పిల్లల సంగతి. విరాళంగా వచ్చే బొమ్మల్లో వాళ్ళకి పనికొచ్చేవి తక్కువ. ఇయర్‌ఫోన్లు, బ్యాగు, చిన్న వోచర్ లాంటివి ముందే విడిగా కొనిపెట్టుకోవాలి.

అపోహ: డేటు దాటకపోతే చాలు.

వాస్తవం: ‘యూజ్ బై’ దాటితే పారేయాల్సిందే. ‘బెస్ట్ బిఫోర్’ రుచికీ నాణ్యతకీ సంబంధించింది. అయినా పండగ కానుకలో గడువు దగ్గరపడ్డ సరుకు పెట్టకండి, కనీసం రెండు నెలలుండాలి.

అపోహ: డిసెంబర్ 24 సాయంత్రం తలుపు తడితే సంతోషం రెట్టింపు.

వాస్తవం: ఆపాటికి అప్పు చేసి సరుకులు తెచ్చుకునే ఉంటారు. 18 నుంచి 21 లోపు అందించండి, ఏమేం వస్తాయో అంతకుముందే చెప్పండి. పెట్టె మీద పేరు కాకుండా నంబరు వేయండి. పుచ్చుకునేటప్పుడు ఫొటోలు తీయకండి.

అపోహ: వెదురు బుట్టే హ్యాంపర్‌కి అందం.

వాస్తవం: ఖర్చెక్కువ, ఒకదాని మీద ఒకటి నిలవదు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా అయితే తర్వాత బియ్యానికి పనికొస్తుంది.

అపోహ: సర్దడం ఎవరైనా చేస్తారు.

వాస్తవం: చేస్తారు, కానీ వరస ఉండాలి. బియ్యం, డబ్బాలు అడుగున, మెత్తనివి పైన. నూనె ప్యాకెట్‌ని ఇంకో కవర్లో వేసి నిలబెట్టండి. డబ్బా అంచు నూనె ప్యాకెట్ అతుకుకి తగిలితే చాలు, కింద ఉన్న పిండి అంతా పోయినట్టే. పెట్టె 10 కిలోలు దాటితే రెండు చేయండి, మెట్లెక్కే పెద్దవాళ్ళుంటారు. అన్నీ సరిగ్గా పడ్డ ఒక పెట్టెని తూచి ఆ బరువు గోడకి అంటించండి. మిగతావి టేపు వేసే ముందు త్రాసు మీద పెడితే పప్పు ప్యాకెట్ తగ్గినా దొరికిపోతుంది. టీ పొడి లాంటి తేలికవి మాత్రం కంటితోనే చూసుకోవాలి.