మడమ రక్తం మూడో రోజే ఎందుకు తీయాలి?

"ఇవాళే డిశ్చార్జి చేస్తున్నారు కదా, పాపకు మడమ రక్తంతో చేసే ఆ థైరాయిడ్ పరీక్ష కూడా ఇప్పుడే చేసేయొచ్చుగా?" అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు. కానీ వచ్చిన అంకెను నమ్మలేం.

కడుపులోని వెచ్చదనంలోంచి బయటి చలిలోకి రాగానే బిడ్డ మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పని చేయించే హార్మోనైన టీఎస్‌హెచ్‌ను కుమ్మరిస్తుంది. అరగంటలో అది లీటరుకు 60–80 మిల్లీ యూనిట్లకు ఎగబాకి, రోజు గడిచేసరికి 20 దగ్గరకు, వారానికి 10 లోపుకు దిగుతుంది. అచ్చం పాలపొంగే. పొంగేటప్పుడు గిన్నెలో పాలెన్నో చెప్పలేం. పుట్టుకతోనే థైరాయిడ్ సరిగా లేని బిడ్డకైతే ఆ పొంగు అణగదు. మొదటి రోజు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. 48–72 గంటల మధ్య చూస్తే ఎవరెవరో తేలిపోతుంది. అంతవరకు ఆగే వీలు లేకపోతే పొంగకముందే చూడాలి, అంటే బొడ్డుతాడు రక్తం పట్టాలి. నెలలు నిండని పిల్లల్లో పొయ్యి నెమ్మది, అసలు జబ్బున్నా టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరగొచ్చు. వాళ్లకు 2–4 వారాలకు మళ్లీ చేయాలి. ఒకే మాయను పంచుకున్న కవలల్లోనూ అంతే: ఆరోగ్యంగా ఉన్న బిడ్డ హార్మోను రెండో బిడ్డ లోపాన్ని కప్పేస్తుంది.

బొడ్డుకు పొవిడోన్ అయోడిన్ పూస్తే అదో తంటా. చర్మంలోంచి ఇంకిన అయోడిన్ పసిగ్రంథిని కొన్నాళ్లు మొద్దుబరుస్తుంది, టీఎస్‌హెచ్ ఉత్తినే పెరుగుతుంది.

మడమ అంచున స్పిరిట్‌తో తుడిచి, అది ఆరాకే గుచ్చాలి. మొదటి చుక్క తుడిచేయాలి. తర్వాతి పెద్ద చుక్క కార్డు మీది వృత్తాన్ని నింపి వెనక్కి దిగాలి. మడమను పిండితే కణజాల ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది, అంకె తగ్గుతుంది. కార్డును ఎండ తగలకుండా, పడుకోబెట్టి 3–4 గంటలు ఆరనివ్వాలి. రిపోర్టులో ప్రమాణం కూడా చూడండి: మొత్తం రక్తం లెక్కలో 10 అంటే సీరం (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) లెక్కలో దాదాపు 22!

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనంలో మన దేశంలో సుమారు 1,130 మంది శిశువుల్లో ఒకరికి పుట్టుకతో వచ్చే ఈ థైరాయిడ్ లోపం కనిపించింది. తల్లి హార్మోను కొంత అందడంవల్ల చాలామంది పుట్టినప్పుడు మామూలుగానే ఉంటారు. "ఏడవడు, బంగారు తండ్రి" అని అమ్మమ్మ మురిసిపోయే మగతే ఒక్కోసారి లక్షణం. పదకొండో రోజు పురుడు వెళ్లాకే సూది అంటే మాత్రం కుదరదు. మందు 14 రోజుల్లోపు మొదలవ్వాలి.

టీఎస్‌హెచ్ సీరం లెక్కలో 40 దాటితే సిర రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) మొదలుపెడతారు: కిలోకు రోజుకు 10–15 మైక్రోగ్రాములు. మూడు కిలోల బిడ్డకు 30–45. మాత్రను నలిపి చెంచాడు తల్లిపాలలో కలిపి అప్పటికప్పుడే పట్టాలి. సీసాలో కలిపితే బిడ్డ సగం వదిలేస్తుంది, మోతాదు సగమవుతుంది. ఐరన్, కాల్షియం చుక్కలు దానితోపాటు వేయకూడదు.