దోంగ్‌దేమున్ అటకల మీద కుట్టిన ఫ్యాషన్

ఫ్యాషన్ వీక్ వచ్చిందంటే సియోల్‌లోని దోంగ్‌దేమున్ డిజైన్ ప్లాజా బయట కెమెరాల హడావిడి ఇంతా అంతా కాదు. జహా హదీద్ గీసిన ఆ వెండిరంగు భవనాన్ని 2014లో తెరిచారు. మరుసటి ఏడాదే షానెల్ వచ్చి అక్కడ షో పెట్టింది. కొరియా ఫ్యాషన్ అంటే మనవాళ్లకు ఇదీ, కె-పాప్ తారల ఎయిర్‌పోర్ట్ ఫొటోలూ గుర్తొస్తాయి. కొరియా సంప్రదాయ దుస్తులు హన్‌బోక్ సంగతి వేరు, అవి రాజుల కాలం నాటివి. ఇప్పటి రెడీమేడ్ కథ మాత్రం ఆ భవనానికి కూతవేటు దూరంలో, ఛోంగ్యేఛోన్ కాలువ పక్కన ఉన్న ప్యోంగ్‌హ్వా మార్కెట్‌లో మొదలైంది.

కొరియా యుద్ధంలో ఉత్తరాది నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు ఆ కాలువ గట్టున కుట్టుమిషన్లు పెట్టుకుని బతికారు. 1960ల్లో పక్కా మార్కెట్ లేచింది. కింద దుకాణాలు, పైన కుట్టు గదులు. చోటు చాలక గది మధ్యలో చెక్కలు కొట్టి అటకలు వేశారు. ఎత్తు ఒకటిన్నర మీటరే కావడంతో పెద్దవాళ్లు నడుం ఎత్తి నిలబడలేరు. అక్కడ పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలు హెల్పర్లుగా చేరి, గుడ్డ దుమ్ము పీలుస్తూ రోజుకు 14 గంటలు పనిచేసేవాళ్లు. జియోన్ తే-ఇల్ అనే కటింగ్ మాస్టర్ తన బస్సు డబ్బులతో వాళ్లకు రొట్టెలు కొనిపెట్టి, రాత్రిపూట ఇంటికి నడిచి వెళ్లేవాడు. కార్మిక చట్టం ఒకటుందని తెలిశాక అధికారుల చుట్టూ తిరిగాడు. పట్టించుకున్న నాథుడు లేడు. 1970 నవంబర్ 13న మార్కెట్ ముందు "మేం యంత్రాలం కాదు" అని అరుస్తూ ఒంటికి నిప్పంటించుకున్నాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. ఆ నెలలోనే అక్కడి కుట్టుపనివాళ్ల సంఘం పుట్టింది.

విచిత్రం ఏమిటంటే, బట్టల ఎగుమతితో డాలర్లు తెచ్చుకుంటున్న ప్రభుత్వమే ఇంట్లోవాళ్ల బట్టల మీద కాపలా పెట్టింది. 1973 నుంచి పోలీసులు స్కేలు పట్టుకుని మినీస్కర్టులు కొలిచారు, జుట్టు పెంచిన కుర్రాళ్లకు నడివీధిలో కత్తెర వేశారు. 1983లో బడి యూనిఫాం నిబంధన సడలాక పిల్లలు తమకు నచ్చింది కొనుక్కోసాగారు.

ఈ మార్కెట్ ఉన్న దోంగ్‌దేమున్ ప్రాంతం అసలు బలం వేగం. తానులు, గుండీలు, జిప్పులు, కటింగ్, కుట్టు అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతాయి. కొత్త డిజైన్ గుడ్డను బైకుల మీద చాంగ్‌సిన్‌దోంగ్ గుట్ట సందుల్లోని కుట్టు గదులకు చేరవేస్తారు, రెండు మూడు రోజుల్లో అది దుకాణంలో వేలాడుతుంది. హోల్‌సేల్ బేరాలు అర్ధరాత్రి సాగుతాయి. ఇప్పుడక్కడ మిషన్ తొక్కేవాళ్లలో చాలామంది యాభై దాటినవాళ్లే.

జీతాలు పెరిగాక పెద్ద ఆర్డర్ల కుట్టుపని దేశం దాటింది. 1974లో పుట్టిన యంగ్‌వన్ సంస్థ బంగ్లాదేశ్‌లో పెద్దఎత్తున ఫ్యాక్టరీలు పెట్టింది. వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో దాని ఫ్యాక్టరీలకు 2023లో శంకుస్థాపన జరిగింది. పెట్టుబడి ఎంత, కొలువులు ఎన్ని అని అప్పట్లో పత్రికలు బాగానే రాశాయి. పనిగంటల గురించి, పీసు రేట్ల గురించి రాసింది మాత్రం నా కంటపడలేదు.