అణు రియాక్టర్ కంపెనీల షేర్లు, లైసెన్సులు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో రియాక్టర్ల లైసెన్సింగ్ పని చేస్తాను. రోజంతా కాగితాలతోనే గడుస్తుంది. ఈ మధ్య మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో నన్ను షేర్ల నిపుణుణ్ణి చేసేశారు. "ఒరేయ్, ఫలానా కంపెనీకి లైసెన్స్ వచ్చిందట, కొనమంటావా?" అని బాబాయ్ ఫోన్. ఏది కొనాలో నేను చెప్పలేను. వచ్చింది లైసెన్సో కాదో మాత్రం చెప్పగలను.

అపోహ: అనుమతి వచ్చిందంటే ప్లాంటు వచ్చినట్టే.

వాస్తవం: ఏ అనుమతి అని ముందు అడగండి. ఇక్కడి అణు నియంత్రణ సంస్థ ఎన్ఆర్‌సీ (మన దగ్గర గొడవ జరిగిన ఎన్ఆర్‌సీ వేరు) దరఖాస్తును పరిశీలనకు తీసుకున్నా వార్తే, డిజైన్‌ను ఆమోదించినా వార్తే. కట్టడానికి, నడపడానికి ఇచ్చేవి వేరే. డిజైన్ ఆమోదమంటే ఇంటి ప్లాన్ ఓకే అయినట్టు. స్థలం, అప్పు, మేస్త్రీ సంగతి అందులో ఉండదు.

చిన్న రియాక్టర్లలో మొదటి డిజైన్ సర్టిఫికేషన్ 2023 జనవరిలో నూస్కేల్ అనే కంపెనీకి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఐడహోలో కట్టాల్సిన వాళ్ల మొదటి ప్రాజెక్టు రద్దయింది. దాన్ని ఆపింది ఎన్ఆర్‌సీ కాదు. మెగావాట్ అవర్‌కు (అంటే వెయ్యి యూనిట్లకు) 58 డాలర్లన్న కరెంటు, సబ్సిడీ పోను కూడా 89కి చేరింది. కొంటామనే పట్టణాలు చాలలేదు. అంతకుముందు 2017లో దక్షిణ కరోలినాలో రెండు పెద్ద రియాక్టర్లనైతే లైసెన్స్ చేతిలో ఉండగానే, దాదాపు 9 బిలియన్ డాలర్లు ఖర్చు పెట్టాక మధ్యలో వదిలేశారు.

అపోహ: ఎన్ఆర్‌సీ అడిగే ప్రశ్నలన్నీ కాలయాపనకే.

వాస్తవం: కొన్ని అలాంటివే, ఒప్పుకుంటా. కానీ ఈ ఒక్కటి చూడండి. నూస్కేల్ డిజైన్ పరిశీలన ముగింపుకొచ్చిన 2020లో ఒక సందేహం లేచింది. చైన్ రియాక్షన్‌ను అదుపులో ఉంచడానికి నీళ్లలో బోరాన్ కలుపుతారు. ఉప్పునీళ్లు మరిగించి, మూతకు పట్టిన చుక్క నాలిక మీద వేసుకుంటే చప్పగా ఉంటుంది కదా, ఉప్పంతా గిన్నెలోనే ఉండిపోతుంది. ఇక్కడా అంతే. ప్రమాదంలో నీళ్లు మరిగి ఆవిరై, చల్లబడి మళ్లీ నీరైతే అందులో బోరాన్ దాదాపు ఉండదు. ఆ చప్పటి నీళ్లు ఒక్కసారిగా కోర్‌లోకి (ఇంధనం ఉండే చోటికి) వెళ్తే? ఆగిపోయిన రియాక్షన్ మళ్లీ అంటుకోవచ్చు. చివరికి బోరాన్ నీళ్లు కలుస్తూ ఉండేలా లోపలి గొట్టానికి చిన్న రంధ్రాలు పెట్టి డిజైన్ మార్చారు. కట్టేశాక తెలిస్తే ఆ రంధ్రాల ఖరీదెంతో ఊహించుకోండి.

అపోహ: కొత్త చట్టం వచ్చింది, ఇక అంతా 18 నెలల్లో అయిపోతుంది.

వాస్తవం: మార్పు నిజమే. పరిశీలించే ఇంజినీర్ల సమయానికి గంటల లెక్కన బిల్లు కట్టేది దరఖాస్తుదారే. గంటకు 300 డాలర్లు దాటిన ఆ ఫీజు, 2024 జూలైలో వచ్చిన అడ్వాన్స్ యాక్ట్ వల్ల అధునాతన రియాక్టర్లకు సగం కన్నా తక్కువకు దిగింది. 18 నెలల గడువు పెట్టింది 2025 మేలో అధ్యక్షుడి ఉత్తర్వు. అయితే అది నిర్ణయానికి గడువు, ఆ నిర్ణయం 'వద్దు' కూడా కావచ్చు. ఓక్లో అనే కంపెనీ 2020 మార్చిలో దరఖాస్తు పెడితే, ప్రమాదాల విశ్లేషణలో అడిగిన సమాచారం ఇవ్వలేదని 2022 జనవరిలో తిరస్కరించారు. అదే కంపెనీ 2024లో షేర్ మార్కెట్‌కు వచ్చింది! మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి అందులో తప్పేమీ లేదు, కొనేవాళ్లకు తెలిసి ఉండాలి, అంతే.

ఇంధనానిది ఇంకో కథ. ఇప్పటి ప్లాంట్లకు 5 శాతం లోపు శుద్ధి చేసిన (అంటే యురేనియం-235 వాటా అంత ఉన్న) యురేనియం చాలు. కొత్త డిజైన్లలో చాలావాటికి 5 నుంచి 20 శాతం మధ్యది కావాలి. అప్పట్లో దాన్ని వ్యాపారపరంగా అమ్మేది రష్యా ఒక్కటే కావడంతో, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక టెర్రాపవర్ అనే కంపెనీ తన వయోమింగ్ ప్లాంటు కనీసం రెండేళ్లు ఆలస్యమవుతుందని 2022 డిసెంబరులోనే చెప్పింది.

అపోహ: కొవ్వాడలో వచ్చేవి ఈ చిన్న రియాక్టర్లే.

వాస్తవం: కాదు. శ్రీకాకుళం జిల్లాకు అనుకున్నవి ఆరు ఏపీ1000లు (వెస్టింగ్‌హౌస్ కంపెనీ పెద్ద రియాక్టర్లు), ఒక్కోటి 1208 మెగావాట్లు. ఇక్కడి జార్జియా రాష్ట్రంలోని వోగుల్ ప్లాంటులో కట్టినవీ ఏపీ1000లే. అక్కడ 2012లో లైసెన్స్ వస్తే, కరెంటు అమ్మకం ఒకటి 2023లో, రెండోది 2024లో మొదలుపెట్టాయి.

మొన్న బాబాయ్ ఒక కంపెనీ ప్రకటన పంపి, పెద్ద టెక్ కంపెనీతో ఒప్పందం కుదిరిందట, చూడమన్నాడు. మూడో పేరాలో 'నాన్-బైండింగ్' (కట్టుబడనక్కర్లేదు) అని ఉంది. ఆ మాట చుట్టూ గీత గీసి తిరిగి పంపాను.