సవర బంగారంలో ఎన్ని ప్రోటాన్లు? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఫిజిక్స్ చెప్పేవాడికి ఏటా తప్పని ప్రశ్న ఇది. "సార్, సవరలో 4.78×10²⁴ ప్రోటాన్లని ఫోన్‌లో తూకాలు మార్చే కన్వర్టర్‌లో వచ్చింది. కీలో వేరే ఉంది. మార్కు పోయినట్టేనా?" పోయింది నాయనా. టెన్షన్ పడకు, ఎందుకు పోయిందో చూద్దాం.

అపోహ: పాత తూకాన్ని ప్రోటాన్ ద్రవ్యరాశిలోకి మారిస్తే, అందులో ఉన్న ప్రోటాన్ల సంఖ్య వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. సవర 8 గ్రాములు. దాన్ని ఒక ప్రోటాన్ బరువు 1.6726×10⁻²⁴ గ్రాములతో భాగిస్తే వచ్చేది 4.78×10²⁴. సవర బరువు ప్రోటాన్ బరువుకి ఎన్ని రెట్లో అది చెబుతుంది, అంతే. బంగారం పరమాణువులో 79 ప్రోటాన్లతో పాటు 118 న్యూట్రాన్లున్నాయి, వాటి బరువు ఎవరు మోస్తారు? సంఖ్యే కావాలంటే 8ని 197తో భాగించి, అవగాడ్రో సంఖ్య 6.022×10²³తోనూ 79తోనూ గుణించండి. 1.93×10²⁴ వస్తుంది. ఫోన్ చెప్పినదాంట్లో సగం కూడా లేదు!

కొండ మీద తులాభారం చూసే ఉంటారు. తక్కెడలో ఒక వైపు పిల్లోడు, ఇంకో వైపు రూపాయి బిళ్లలు. ముల్లు సమంగా నిలిచింది కాబట్టి కన్వర్టర్ రెండింటికీ ఒకే అంకె ఇస్తుంది. కానీ ఒంట్లో హైడ్రోజన్ పరమాణువులే ఎక్కువ, వాటిలో దాదాపు వేటికీ న్యూట్రాన్ ఉండదు. బిళ్లలు స్టీలువి. ఇనుములో 26 ప్రోటాన్లకు 30 న్యూట్రాన్లు. బరువు ఒకటే అయినా ప్రోటాన్లు పిల్లోడి వైపే ఎక్కువ. క్లాసులో ఇది చెప్పాక ఆ తప్పు బాగా తగ్గింది.

అపోహ: తులమంటే ఎప్పుడూ 10 గ్రాములే.

వాస్తవం: పాత తులం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అవ్వ కాలం నాటి చీటీ ఉంటే ఏ తులమో ముందు తేల్చుకోండి.

అపోహ: త్రసరేణువే ప్రోటాన్.

వాస్తవం: ఇది వాట్సాప్ చదువు. మనుస్మృతి చెప్పే త్రసరేణువు కిటికీ సందులోంచి పడే ఎండలో కనిపించే నలుసు. కంటికి కనిపించేది ప్రోటాన్ ఎట్లా అవుతుంది? అందులోని తూకాల పట్టిక ప్రకారమే 1296 త్రసరేణువుల బరువు ఒక గురివింద గింజ. గింజను 0.12 గ్రాములనుకుంటే, ఒక్క నలుసు ఐదున్నర లక్షల కోట్ల కోట్ల ప్రోటాన్ల బరువు.

మా మామ కంసాలి. ఆయన రేకు డబ్బాలోని పాత గురివింద గింజల్ని కాలేజీ డిజిటల్ కాటా మీద ఒక్కొక్కటే పెట్టి చూశాను. పక్కపక్క గింజలే మిల్లీగ్రాముల్లో తేడా వచ్చాయి. అలాంటి గింజకి పది దశాంశాల జవాబు రాసి ఏం లాభం? రెండు అంకెలు రాసి ఆపండి.