ఫైలు ఉంది, సెర్చ్‌లో రాదు: షేర్‌పాయింట్ సెర్చ్‌పై అపోహలు - వాస్తవాలు

ఆఫీసు ఫైళ్లను ఒకచోట పెట్టి పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అయిన షేర్‌పాయింట్‌లో సెర్చ్ పని చూసేవాళ్లకు తరచూ వినిపించే మాట ఒకటే: "సెర్చ్ పనిచేయట్లేదు." ఆ మాట విన్నప్పుడల్లా నేను ముందు ఒక్క ఫైలు లింకు అడుగుతాను. ఆ ఫైలు క్రాల్ అయిందా (అంటే సెర్చ్ తరఫున ఫైళ్లు చదివే క్రాలర్ దాన్ని చదివిందా), ఇండెక్స్‌లోకి (సెర్చ్ వెతికే పట్టికలోకి) ఎక్కిందా, వెతికిన మనిషికి దాన్ని చూసే పర్మిషన్ ఉందా, వెతికిన తీరు సరిగ్గా ఉందా? ఈ నాలుగూ వరసగా చూసుకుంటూ వెళ్తే కారణం దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. కింద రాసినవన్నీ అలా ఒక్కో ఫైలు వెంట పడితే తెలిసినవే.

అపోహ: లైబ్రరీలో (ఫైళ్లు పెట్టే చోట) కనిపిస్తోందంటే సెర్చ్‌లోనూ రావాలి.

ఒకసారి శిక్షణ విభాగం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "ఫైలు నా కళ్లెదురుగానే ఉందండీ. పేరు ఉన్నదున్నట్టు కొట్టినా రావట్లేదు. మధ్యాహ్నం మీటింగ్, చాలా టెన్షన్‌గా ఉంది" అన్నారు. స్క్రీన్ షేర్ చేయమని, ఆ ఫైలు వెర్షన్ హిస్టరీ తెరవమన్నాను. అన్నిటికంటే పైన 0.7 అని ఉంది. ఎన్నోసార్లు మార్చి సేవ్ చేశారు, ఒక్కసారి కూడా పబ్లిష్ చేయలేదు. మైనర్ వెర్షన్లు (0.7 లాంటి డ్రాఫ్టులు) ఆన్ చేసిన లైబ్రరీలో సెర్చ్‌కు అందేది మేజర్ వెర్షన్ (పబ్లిష్ చేసింది) మాత్రమే. పబ్లిష్ నొక్కగానే 0.7 కాస్తా 1.0 అయింది. కాసేపటికి అదే పేరుతో వెతికితే మొదటి ఫలితంగా వచ్చింది.

అప్రూవల్ కోసం ఆగిన ఫైలుదీ, చెక్ఔట్ చేసి మళ్లీ చెక్ఇన్ చేయని కొత్త ఫైలుదీ ఇదే కథ. సైటు సెట్టింగుల్లోనూ, లైబ్రరీ సెట్టింగుల్లోనూ "సెర్చ్ ఫలితాల్లో చూపించాలా" అనే ఆప్షన్ ఒకటి ఉంటుంది. ఎప్పుడో ఎవరో దానికి "వద్దు" అని పెట్టి మర్చిపోయిన సందర్భాలు కూడా చూశాను.

షేర్‌పాయింట్‌ను ఆన్‌లైన్‌లో కాక సొంత సర్వర్ మీద నడిపేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. ఫైళ్లు రావట్లేదని క్రాల్ అకౌంట్‌కు (క్రాలర్ వాడే లాగిన్‌కు) అడ్మిన్ హక్కులు ఇవ్వకండి. దానికి ఫుల్ రీడ్ (అన్నీ చదివే హక్కు) చాలు. అంతకు మించి ఇస్తే డ్రాఫ్టులు కూడా ఇండెక్స్‌లోకి వచ్చి కూర్చుంటాయి.

అపోహ: రహస్య ఫైళ్లను సెర్చ్ బయటపెట్టేస్తోంది.

ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది. సెర్చ్ తప్పు చేసిందని కాదు, అసలు తప్పు అక్కడే మిగిలిపోతుందని. సెర్చ్ ప్రతి ఫైలుతో పాటు ఆ ఫైలును ఎవరెవరు చూడొచ్చో కూడా ఇండెక్స్‌లో రాసుకుంటుంది. మీరు వెతికినప్పుడు మీకు అనుమతి లేనివాటిని తీసేసి మిగతావే చూపిస్తుంది. దీన్నే సెక్యూరిటీ ట్రిమ్మింగ్ అంటారు. కాబట్టి జీతాల ఫైలు ఎవరికో ఫలితాల్లో కనిపించిందంటే, దాన్ని తెరిచే హక్కు వాళ్లకు ముందు నుంచీ ఉన్నట్టే. ఎప్పుడో ఆ ఫోల్డర్‌ను ఉద్యోగులందరూ ఉండే గ్రూపుకు షేర్ చేసి ఉంటారు. ఇన్నాళ్లూ ఎవరూ అటు వెళ్లలేదు, అంతే.

అలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ఆ లైబ్రరీని సెర్చ్ నుంచి దాచడం. దయచేసి అక్కడితో ఆగిపోకండి. లింకు తెలిసినవాళ్లు అప్పటికీ ఆ ఫైలు తెరవగలరు. ముందు పర్మిషన్ సరిచేయండి. ఇండెక్స్‌లో ఆ మార్పు కనిపించడానికి కొంత సమయం పట్టవచ్చు, ఈలోగా పేరు ఫలితాల్లో కనిపించినా ఫైలు మాత్రం తెరుచుకోదు. కోపైలట్ లాంటి ఏఐ సహాయకులు కూడా ఈ పర్మిషన్ల మీదే ఆధారపడతాయి కాబట్టి ఈ శుభ్రం చేసే పని వాయిదా వేయదగ్గది కాదు.

అపోహ: కొత్త కాలమ్ పెడితే దాంతో ఫిల్టర్ కూడా వచ్చేస్తుంది.

కస్టమైజేషన్‌లో ఎక్కువ రోజులు పోయేది ఇక్కడే. లైబ్రరీలో "డిపార్ట్‌మెంట్" అని ఒక కాలమ్ చేసి, సెర్చ్ పేజీలో ఆ పేరుతో ఫిల్టర్ కావాలంటారు. మధ్యలో మూడు మెట్లున్నాయి. క్రాలర్ ఆ కాలమ్‌ను చూసి క్రాల్డ్ ప్రాపర్టీ (తనకు దొరికిన ఆ సమాచారానికి ఒక గుర్తు) తయారుచేస్తుంది. దాన్ని మనం ఒక మేనేజ్డ్ ప్రాపర్టీకి (సెర్చ్ వెతకడానికి వాడుకునే గుర్తుకు) కలపాలి. ఆ మేనేజ్డ్ ప్రాపర్టీకి రిఫైన్ చేసే గుణం (ఫిల్టర్‌గా పనిచేసే వీలు) ఉండాలి.

మొదటి మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. కాలమ్ ఖాళీగా ఉంటే క్రాల్డ్ ప్రాపర్టీ పుట్టనే పుట్టదు. కనీసం ఒక్క ఫైలుకైనా విలువ నింపి, అది క్రాల్ అయ్యేదాకా ఆగాలి. సైట్ కాలమ్ అయితే సెర్చ్ తనంతట తానే ఒక మేనేజ్డ్ ప్రాపర్టీ కూడా తయారుచేస్తుంది. లైబ్రరీలో నేరుగా చేసిన కాలమ్‌కు ఆ సదుపాయం లేదు. అందుకే ఫిల్టర్‌గా వాడాలనుకున్న ప్రతిదాన్నీ సైట్ కాలమ్‌గానే చేయమని చెప్తాను.

ఆన్‌లైన్ వెర్షన్‌లో మనం కొత్తగా చేసుకున్న మేనేజ్డ్ ప్రాపర్టీకి రిఫైన్ గుణం ఇవ్వలేం. ముందే తయారుగా ఉంచిన రిఫైనబుల్‌స్ట్రింగ్ 00 నుంచి 199 వరకు ఉన్నవాటిలో ఖాళీగా ఉన్నదాన్ని తీసుకుని, మన క్రాల్డ్ ప్రాపర్టీని దానికి కలిపి, గుర్తుండే పేరొకటి అలియాస్‌గా పెట్టాలి. ఏ నంబరు దేనికి వాడారో ఒక షీట్‌లో రాసుకోండి. రెండేళ్ల తర్వాత ఆ పనిలోకి వచ్చేవాళ్లు మీకు దండం పెడతారు.

ఇంత చేశాక కూడా ఫిల్టర్ ఖాళీగానే కనిపిస్తుంది. ఎందుకంటే పాత ఫైళ్లు పాత మ్యాపింగ్‌తోనే ఇండెక్స్‌లో ఉన్నాయి. ఆ లైబ్రరీ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో రీఇండెక్స్ నొక్కాలి. మొత్తం సైటుకు రీఇండెక్స్ పెడితే సిస్టమ్ మీద చాలా భారం పడుతుంది. మార్పు ఒక్క లైబ్రరీకే అయితే అక్కడికే పరిమితం చేయండి.

అపోహ: ఏదీ కుదరకపోతే ఇండెక్స్ రీసెట్ కొట్టేయొచ్చు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అవుతుంది. సొంత సర్వర్‌లో ఇండెక్స్ రీసెట్ అంటే ఉన్నదంతా తుడిచేయడమే. మళ్లీ ఫుల్ క్రాల్ (అన్నీ మొదటి నుంచీ చదవడం) పూర్తయ్యేదాకా ఫలితాలు నిండుగా రావు. అంతకంటే ముందు క్రాల్ లాగ్ (క్రాలర్ ఏం చేసిందో రాసి ఉండే చిట్టా) తెరిచి, ఆ ఫైలు చిరునామా పెట్టి వెతకండి. సక్సెస్, వార్నింగ్, ఎర్రర్, డిలీటెడ్... ఏదో ఒకటి అక్కడ రాసి ఉంటుంది. అసలు ఎంట్రీయే లేకపోతే క్రాలర్ అక్కడిదాకా వెళ్లలేదని అర్థం.

అన్నిచోట్లా హక్కులున్నా లాగ్‌లో యాక్సెస్ డినైడ్ వస్తుంటే, క్రాలర్ తాను ఉన్న సర్వర్‌లోని సైటునే చదువుతోందేమో చూడండి. సర్వర్ తనకు తానే కనెక్ట్ అవ్వడాన్ని అడ్డుకునే లూప్‌బ్యాక్ చెక్ అనే విండోస్ రక్షణ అలాంటప్పుడు 401 (అనుమతి లేదనే ఎర్రర్) ఇస్తుంది. నెట్‌లో వెతికితే ఆ చెక్‌ను మొత్తంగా ఆపేయమనే సలహా ముందు దొరుకుతుంది. నేనైతే ఆ సైటు పేర్లను మాత్రమే బ్యాక్‌కనెక్షన్‌హోస్ట్‌నేమ్స్ అనే రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల పట్టిక) విలువలో చేరుస్తాను.

అపోహ: కంటిన్యువస్ క్రాల్ ఆన్ చేస్తే అన్నీ అప్పటికప్పుడు వస్తాయి.

రావు. సొంత సర్వర్‌లో, మారిన ఫైళ్లను తరచూ చదివే ఈ క్రాల్ డిఫాల్ట్‌గా 15 నిమిషాలకోసారి మొదలవుతుంది. పదేపదే ఎర్రర్ ఇచ్చే ఫైళ్ల కోసం 4 గంటలకోసారి వేరే ఇంక్రిమెంటల్ క్రాల్ (మార్పులను మాత్రమే చదివేది) నడుస్తుంది. ఆన్‌లైన్‌లో ఈ షెడ్యూల్ అసలు మన చేతిలో ఉండదు.

అపోహ: నక్షత్రం గుర్తు ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది.

పదం చివర పెడితేనే. "బడ్జె*" అంటే బడ్జెట్ దొరుకుతుంది. ఇన్వాయిస్ నంబరులో చివరి మూడంకెలే గుర్తున్నాయని "*317" అని కొడితే ఏమీ రాదు. యాండ్, ఆర్, నాట్ (AND, OR, NOT) అనేవి ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే రాయాలి, చిన్న అక్షరాల్లో రాస్తే మామూలు పదాల్లా చూస్తుంది. ప్రాపర్టీ పేరు, కోలన్, విలువ... వీటి మధ్య ఖాళీ వదలకూడదు.

అపోహ: ఫైలు లోపలున్న ప్రతి అక్షరమూ వెతకొచ్చు.

స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టిన ఉత్తరంలో ఉన్నది బొమ్మ. దాన్ని ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చకపోతే పేరు తప్ప లోపలిది దొరకదు. పెద్ద ఫైళ్లకూ హద్దులున్నాయి. సొంత సర్వర్‌లో క్రాలర్ డిఫాల్ట్‌గా 64 ఎంబీ దాకా దించుకుంటుంది, అందులోనూ 20 లక్షల అక్షరాల తర్వాత చదవడం ఆపేస్తుంది. వందల పేజీల ఒప్పందాలన్నీ కలిపి ఒకే ఫైలుగా పెట్టిన చోట, చివరి ఒప్పందంలో ఉన్న పేరు దొరకలేదంటే ముందు ఈ హద్దునే అనుమానించండి.

మీ ఆఫీసులో సెర్చ్ చూసేవాళ్లకు ఫిర్యాదు పంపేటప్పుడు ఫైలు పూర్తి లింకు, మీరు టైప్ చేసిన పదాలు ఉన్నవి ఉన్నట్టుగా, ఏ లాగిన్‌తో వెతికారో, ఎన్ని గంటలకు వెతికారో రాయండి. పక్క సీటువాళ్లకు ఆ ఫైలు వస్తోందో లేదో కూడా ఒకసారి అడిగి రాయండి. వాళ్లకు వచ్చి మీకు రాకపోతే నేను పర్మిషన్ల దగ్గర మొదలుపెడతాను, ఇద్దరికీ రాకపోతే క్రాల్ లాగ్ దగ్గర.