సింథ్‌లు సొంతంగా చేసుకునేవాళ్ళకి స్టాండర్డ్ కావాలా? ఈ వాదన వెనక కథ

సింథ్ అంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌లతో శబ్దం పుట్టించే వాయిద్యం, దాన్ని విడివిడి ముక్కలుగా, అంటే మాడ్యూల్స్‌గా, కట్టి వైర్లతో కలిపితే మాడ్యులర్ సింథ్. ఆ మాడ్యూల్స్ సొంతంగా సోల్డర్ చేసుకునేవాళ్ళు నలుగురు కలిస్తే చాలు ఈ వాదన మొదలవుతుంది. రూల్స్ పెడితే ఇక హాబీ ఏముంది అని కొందరు, నీ మాడ్యూల్ నా ర్యాక్‌లో పెడితే పొగొచ్చింది మరి దానికేమంటావ్ అని ఇంకొందరు. ఇది ఇవాళ్టిది కాదు, మాడ్యులర్ సింథ్‌లు పుట్టినప్పటినుంచీ ఉన్నదే.

1960ల మధ్యలో న్యూయార్క్ రాష్ట్రంలో బాబ్ మూగ్, కాలిఫోర్నియాలో డాన్ బుక్లా ఎవరికి వాళ్ళు వోల్టేజ్‌తో స్వరాన్ని కంట్రోల్ చేసే సింథ్‌లు తయారుచేశారు. మూగ్ లెక్కలో ఒక వోల్ట్ పెరిగితే స్వరం ఒక ఆక్టేవ్ (కింది స నుంచి పై స వరకు) పైకి వెళ్తుంది, బుక్లా దగ్గర అదే పనికి 1.2 వోల్ట్‌లు కావాలి, పైగా ఆ కంట్రోల్ వోల్టేజ్‌కి (సీవీ) బనానా జాక్ అనే ఒక రకం సాకెట్, ఆడియోకి వేరే జాక్. తర్వాత జపాన్ నుంచి 1978లో వచ్చిన కోర్గ్ ఎంఎస్-20 ఇంకో దారి పట్టింది, అందులో ఒక్కో ఆక్టేవ్‌కీ వోల్టేజ్ రెట్టింపవ్వాలి, అంటే 1, 2, 4, 8 అన్నమాట, దాన్ని మూగ్ లెక్కలో నడిచే కీబోర్డ్‌కి తగిలిస్తే శబ్దం వస్తుంది కానీ స్వరాలు కుదరవు. నోట్ మొదలుపెట్టే సిగ్నల్ (గేట్) కూడా అంతే, పాత మూగ్‌లలో వోల్టేజ్ పంపితే పనవదు, ఆ లైన్‌ని గ్రౌండ్‌కి కలపాలి.

కంపెనీలకే ఇది తలనొప్పయింది. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ డేవ్ స్మిత్, రోలాండ్ కంపెనీ స్థాపించిన ఇకుతారో కాకెహాషి వీళ్ళంతా కూర్చుని మాట్లాడుకున్నాక 1983 జనవరిలో నామ్ షో అనే వాయిద్యాల ప్రదర్శనలో ఆ రెండు కంపెనీల సింథ్‌లు ప్రాఫెట్-600, జూపిటర్-6 రెండిటినీ ఒక కేబుల్‌తో కలిపి చూపించారు, వేరే వేరే కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆ పద్ధతే మిడి. లైసెన్స్ ఫీజు పెట్టలేదు, నా దృష్టిలో మిడి ఇన్నేళ్ళు బతకడానికి అదే అసలు కారణం.

హాబీవాళ్ళకి మాత్రం అసలు మలుపు 1990ల మధ్యలో జర్మనీలో డీటర్ డోప్ఫర్ తెచ్చిన ఏ-100 అనే మాడ్యులర్ సింథ్. ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల గుణిజాల్లో, 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు, ప్లస్ మైనస్ 12 వోల్ట్‌ల సప్లై. ఈ కొలతలన్నీ ఆయన దాచుకోకుండా బయటపెట్టాడు, కమిటీ లేదు ఓటింగ్ లేదు, జనం చూసి వాడుకున్నారు, అదే యూరోర్యాక్ అనే స్టాండర్డ్ అయింది.

అయితే రాసిపెట్టని చోటల్లా దెబ్బలు తగిలాయి. పవర్ రిబ్బన్ కేబుల్ సంగతే చూడండి, ఎర్ర గీత ఉన్న వైపు మైనస్ 12 అని అలవాటు, 10 పిన్నుల హెడర్‌లో (బోర్డు మీద కేబుల్ గుచ్చే చోటు) కేబుల్ తిరగబడితే ప్లస్, మైనస్ తారుమారై ఐసీలు, అంటే చిప్‌లు, నిమిషంలో కాలిపోతాయి. గాడి ఉన్న హెడర్ పెడితే కేబుల్ ఒకే వైపు దిగుతుంది కదా అనుకుంటాం, కానీ కొందరు ఆ హెడర్‌నే బోర్డు మీద తిప్పి బిగించారు, అప్పుడు కేబుల్ చక్కగా దిగుతుంది, మాడ్యూల్ పోతుంది. చిన్న జాక్‌తో మిడి పంపడం మొదలెట్టినప్పుడూ ఇదే జరిగింది, సగంమంది ఒకలా సగంమంది ఇంకోలా వైరింగ్ చేశాక 2018లో గానీ దానికి అధికారికంగా స్పెక్ రాలేదు.

అందుకే స్టాండర్డ్ వద్దు అనేవాళ్ళతో నేను సగమే ఒప్పుకుంటాను. ఫిల్టర్ ఎలా కట్టాలి, ప్యానెల్ ఎలా ఉండాలి, ఏ నాబ్ ఎక్కడ అన్నది కట్టేవాడి ఇష్టం, అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. ఇంకొకళ్ళ మాడ్యూల్‌ని తాకే చోటు వేరే విషయం, పవర్ హెడర్, గేట్ ఎన్ని వోల్ట్‌లకి పనిచేస్తుంది, సీవీ 0 నుంచి 5 వోల్ట్‌లా లేక మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకా అనేవి. ఇవన్నీ ఒకేలా ఉండాలని కూడా నేను అనను, పవర్ హెడర్ ఒక్కటి అందరం ఒకేలా పెట్టి కేబుల్ తిరగబడినా కరెంట్ ఆపేలా రెండు డయోడ్‌లు (కరెంట్‌ని ఒకే వైపు పోనిచ్చే భాగాలు) వేసి, మిగతావి బోర్డు వెనకాల ప్రింట్ చేస్తే సరిపోతుంది. మైనస్ 12 ఏ వైపో ఆ బోర్డు మీదే కనిపించాలి.